పొరపొరకూ ఒక పని

మన ఇళ్లలో తీపి వంట అనగానే ముందు గుర్తొచ్చేది పాకం. అరిసెల పాకం నీళ్లలో వేస్తే ఉండకట్టాలి. మైసూర్‌పాకు దగ్గర తీగపాకం దాటనివ్వకూడదు, కలిపే చెయ్యి ఆగకూడదు. ఒక్క నిమిషం అటూ ఇటూ అయితే పిండీ, నెయ్యీ, పంచదారా కలిసి రాయిలా బిగుసుకుపోతాయి. చెయ్యి తిరిగినవాళ్లకే ఒక్కో పండక్కి ఒక్కోలా కుదురుతుంది. కొత్తగా గరిటె పట్టినవాళ్లు ఒకటి రెండుసార్లు చెడగొట్టుకుని, "నాకు స్వీట్లు రావు" అని తీర్మానించేసుకుంటారు. ఆ తీర్మానం తొందరపాటని నేను గట్టిగా నమ్ముతాను. ఒకే మూకుడులో, ఒకే సెగ మీద, ఒకే నిమిషంలో అంతా తేలిపోయే వంటతో మొదలుపెట్టడం వల్ల వచ్చిన చిక్కు అది. మొదలుపెట్టడానికి వేరే వంట ఉంది. అడుగున తడిపిన కేకు, దానిమీద పండ్లు, ఆపైన కస్టర్డ్, అన్నిటికీ పైన గిలక్కొట్టిన క్రీమ్. దీన్ని ఇంగ్లండులో ట్రైఫిల్ అంటారు. ఇందులో పొరలు నాలుగు, పనులూ నాలుగే, ఒక పనిలో జరిగిన పొరపాటు రెండోదానికి అంటదు. కస్టర్డ్ పలచనైందా, దాన్నొక్కదాన్నే మళ్లీ స్టవ్ మీద పెట్టుకోవచ్చు. కేకూ పండ్లూ పక్కన క్షేమంగా ఉంటాయి. తీపి వంటలో ధైర్యం రావడానికి ఇంతకన్నా మంచి బడి లేదన్నది ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్న మాట.

"కొన్న కేకు, డబ్బాలోని కస్టర్డ్ పౌడర్, ప్యాకెట్ క్రీమ్. ఇందులో మనం వండిందేముంది?" అని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్నే. దీనికి ఆ వంట చరిత్రలోనే జవాబుంది. ట్రైఫిల్ అన్న పేరుతో మొదట అచ్చులో కనిపించేది థామస్ డాసన్ 1585లో తెచ్చిన వంటల పుస్తకంలో. అక్కడ అది పంచదార, అల్లం, గులాబీ పన్నీరు కలిపిన చిక్కటి మీగడ మాత్రమే. ఆ మాటకు అర్థం కూడా లెక్కలోకి రాని చిన్న వస్తువని. 18వ శతాబ్దానికి వచ్చేసరికి వైన్‌లో తడిపిన బిస్కట్లు అడుగుకు చేరాయి, మీద కస్టర్డ్ వచ్చింది. 1747లో తొలిసారి అచ్చయిన హానా గ్లాస్ పుస్తకం తర్వాతి ముద్రణల్లో జెల్లీ కూడా తోడైంది. అంటే ఈ వంట ఇప్పటి రూపానికి వచ్చిందే అప్పటికే ఇంట్లో తయారుగా ఉన్నవాటిని ఒకచోట పేర్చడంతో. ఎండిపోయిన కేకు ముక్కని పారెయ్యకుండా పనికి తెచ్చుకునే దారి అది. ఇక కస్టర్డ్ పౌడర్ సంగతి. బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల వ్యాపారి 1837లో దాన్ని తయారుచేశాడు. ఆయన భార్యకు గుడ్లు పడవు. గుడ్డు లేకుండా ఆమె కస్టర్డ్ తినగలగాలని మొక్కజొన్న పిండితో చేసిన పొడి అది. ఒక మనిషికి పడనిది తీసేసి పడేది పెట్టడానికి పుట్టిన వస్తువును దొంగదారి అనడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. గుడ్డు తినని మన ఇళ్లకైతే అది నేరుగా పనికొచ్చిన మేలు.

సరే, పేర్చడమే వంటైతే అందులో నేర్చుకోవాల్సిందేమిటి? తడి ఎక్కణ్నించి ఎక్కడికి పోతుందో తెలుసుకోవడం. ట్రైఫిల్ బాగా రాని ఇళ్లలో ఎక్కువగా తప్పేది ఈ తడి లెక్కే. మర్నాడు గిన్నె తెరిస్తే అడుగున నీళ్లు తేలుతుంటాయి, కేకు గంజిలా జారిపోతుంటుంది, లేదా కేకు గట్టిగా పొడిగా మిగిలి పైన కస్టర్డ్ బీటలిచ్చి ఉంటుంది. పొడిగా ఉన్నది పక్కనున్నదాని తడిని తాగేస్తుందన్న ఈ సూత్రం మన వంటింటికి కొత్తది కాదు. పెరుగు గారెలు చేసేవాళ్లు వేడి గారెను నేరుగా పెరుగులో వెయ్యరు. ముందు నీళ్లలోనో పలచటి మజ్జిగలోనో ఒక్క నిమిషం ముంచి, అరచేతుల మధ్య మెల్లగా ఒత్తి, ఆ తర్వాతే తాలింపు పెరుగులో వదులుతారు. అలా చెయ్యకపోతే గారె పెరుగులోని నీరంతా తాగేస్తుంది, పెరుగు ముద్దకడుతుంది. తాగే వస్తువుకు దాని దాహం ముందే తీర్చి, ఆ తర్వాత చిక్కటిదాని పక్కన పెట్టాలి. ట్రైఫిల్‌లో కేకుది గారె స్థానం, కస్టర్డ్‌ది పెరుగు స్థానం. ఈ ఒక్క పోలిక మనసులో ఉంచుకుంటే కొలతలు మరిచిపోయినా చెయ్యి తప్పదు.

ఎనిమిది మందికి సరిపోయేలా రెండు లీటర్లు పట్టే గిన్నె తీసుకుందాం. అడుగుకు పావుకిలో సాదా స్పాంజ్ కేకు కావాలి. బేకరీలో దొరికే పైపూత లేని కేకు చాలు. కోడిగుడ్డు లేనిదైనా పరవాలేదు. అది నిన్నటిదైతే ఇంకా మంచిది. తాజా కేకు మెత్తగా ఉండి, తడి తగలగానే విడిపోతుంది. ఒకరోజు ఆగినది కాస్త బిగిసి ఉంటుంది, తడిని పీల్చుకుని కూడా ముక్క ముక్కగానే నిలుస్తుంది. కేకు లేకపోతే రస్కులు, పాల బ్రెడ్డు, చివరికి ఉస్మానియా బిస్కట్లు కూడా సరిపోతాయి. ఉస్మానియాలోని ఆ కాస్త ఉప్పదనం తీపికి మంచి జోడు. వేలెడు మందం ముక్కలు కోసి సందుల్లేకుండా పరవండి. ఈ పావుకిలోకు సుమారు నూరు మిల్లీలీటర్ల రసం పడుతుంది. ఇంగ్లండులో అక్కడ షెర్రీ అనే వైన్ పోస్తారు. మనకు పండ్ల రసమే మేలు. ఒక్కసారిగా కుమ్మరించకుండా చెంచాతో చిలకరించాలి. చాలిందో లేదో చూడ్డానికి చెంచా వెనకవైపుతో ముక్కను అదమండి. మెత్తగా దిగి మళ్లీ పైకి లేస్తే సరిపోయినట్టు. చెంచా చుట్టూ రసం ఊరి అక్కడే నిలిస్తే ఎక్కువైనట్టు, అప్పుడు పైన ఇంకో రెండు పొడి ముక్కలు పేరిస్తే ఆ మిగులును అవే పీల్చేస్తాయి.

ఆ రసం ఎక్కణ్నించి రావాలన్నదే ఈ వంటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం. పండ్ల ముక్కల మీద పంచదార చల్లితే అవి నీరు వదులుతాయి. ఆవకాయ ముక్క ఉప్పుకు ఊట వదిలినట్టే ఇది కూడా. ఈ పని గిన్నెలో కస్టర్డ్ కింద జరిగితే అడుగున నీళ్లు తేలతాయి. ముందే బయట జరిగితే మనకు కావలసిన రసం ఉచితంగా చేతికొస్తుంది. రెండు పెద్ద బంగినపల్లి మామిడిపండ్లు ముక్కలు చేసి, రెండు చెంచాల పంచదార, కాసిని నిమ్మచుక్కలు వేసి అరగంట పక్కన పెట్టండి. ఊరిన రసాన్ని వంచి కేకు మీద చల్లండి, చాలకపోతే కాసిని పాలు కలుపుకోండి. ముక్కల్ని ఆపైన పరవండి. మామిడి కాలం దాటాక సీతాఫలం వస్తుంది. గింజలు తీసిన ఆ గుజ్జు చిక్కటి ముద్దలా ఉండి నీరు పెద్దగా వదలదు, కాబట్టి కేకును విడిగా పాలతో తడుపుకోవాలి. దానిమ్మ, ద్రాక్ష ఎప్పుడైనా నమ్మకస్తులే. పుచ్చకాయ మాత్రం వద్దు, అది ఎంతసేపు వడకట్టినా నీరు వదులుతూనే ఉంటుంది. అరటిపండు కోసిన కాసేపటికే నల్లబడుతుంది, నిమ్మరసం పట్టించి, కస్టర్డ్ కిందికి పూర్తిగా దాచేస్తే రంగు నిలుస్తుంది. ఇక పచ్చి అనాసతో జాగ్రత్త. అనాసలో మాంసకృత్తుల్ని విరగ్గొట్టే ఎంజైమ్ ఉంది. పాలతో కలిసి కొన్ని గంటలుంటే చేదు పుట్టిస్తుంది, జెలటిన్ జెల్లీని గడ్డకట్టనివ్వదు. బొప్పాయి, కివి పండ్లదీ అదే గుణం. ముక్కల్ని పంచదారతో పది నిమిషాలు ఉడికిస్తే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది, తర్వాత నిశ్చింతగా వాడుకోవచ్చు. జెల్లీ పొర కావాలనుకునే శాకాహారులు జెలటిన్ బదులు చైనా గ్రాస్ తీసుకోవాలి. అది సముద్రపు నాచు నుంచి వచ్చింది, మాంసకృత్తు కాదు కాబట్టి అనాస దాన్ని ఏమీ చెయ్యలేదు.

కస్టర్డ్ దగ్గర కాస్త నిలబడి చూద్దాం, ఎందుకంటే తడబాటు ఎక్కువగా ఇక్కడే. అసలు కస్టర్డ్ గుడ్డు సొనలతో చేసేది. అది సెగ కొంచెం మించితే విరిగిపోతుంది, అంటే మన పాకంలాగే నిమిషాల లెక్క. పౌడర్‌తో చేసేది దీనికి పూర్తిగా ఎదురు, అది మరగాలి. మొక్కజొన్న పిండి గింజలు వేడికి నీరు పీల్చి ఉబ్బితేనే పాలు చిక్కబడతాయి. పొడిని నేరుగా వేడి పాలలో వేస్తే ఉండ పైపొర క్షణంలో ఉడికి అంటుకుపోతుంది, లోపల పొడి పొడిగానే ఉండిపోతుంది. ఉండలు కట్టడం అంటే ఇదే. అందుకని ముందు పావు కప్పు చల్లటి పాలలో మూడు టేబుల్ స్పూన్ల పౌడర్‌ను ఒక్క ఉండ కూడా లేకుండా కలిపి పెట్టుకోండి. అరలీటరు పాలను రెండు మూడు టేబుల్ స్పూన్ల పంచదారతో కాగనిచ్చి, సెగ తగ్గించి, కలిపిన పాలను మరొక్కసారి అడుగు నుంచి తిప్పి (పొడి ఎప్పుడూ అడుక్కి దిగి కూర్చుంటుంది) సన్నటి ధారగా పోస్తూ రెండో చేత్తో కలుపుతూ ఉండండి. ముందు గరిటె నుంచి పాలు జారినట్టు జారుతుంది. తర్వాత గరిటె వెనక పలచటి పూతలా అంటుతుంది. ఇంకాసేపటికి ఆ పూత మీద వేలితో గీస్తే గీత చెదరకుండా నిలుస్తుంది. అక్కడ ఆపెయ్యాలనిపిస్తుంది గానీ ఆపకండి. బుడగలు నెమ్మదిగా తపక్ తపక్‌మని లేచేదాకా, ఆ తర్వాత ఒక నిమిషం, అడుగంటకుండా కలపండి. పచ్చి పిండి వాసన పోయేది ఆ నిమిషంలోనే. వేడిమీద ఇది మనకు కావలసినదానికన్నా పలచగానే కనిపిస్తుంది. చల్లారుతూ బిగుస్తుంది కాబట్టి బెదిరి ఇంకా పౌడర్ కలపక్కర్లేదు.

రుచి చూడ్డంలో ఒక నియమం తప్పకుండా పాటించాలి. నోట్లో పెట్టుకున్న చెంచాను మళ్లీ గిన్నెలో ముంచకూడదు. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఎంగిలి కలపొద్దని గట్టిగా చెబుతారు. కస్టర్డ్ విషయంలో ఆ మాట వెనక రసాయనమే ఉంది. లాలాజలంలో పిండిపదార్థాన్ని కరిగించే అమైలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. గోరువెచ్చటి కస్టర్డ్‌లో ఎంగిలి చెంచా ముంచితే ఆ కాస్త లాలాజలమే పనికి దిగుతుంది. చిక్కగా దించిన కస్టర్డ్ మర్నాటికి కారణం తెలియకుండా పలచబడిందని వాపోయేవాళ్లు ముందు తమ చెంచాను అనుమానించాలి. దించిన తర్వాత పైన తొరక కట్టకుండా ఒక పలచటి ప్లాస్టిక్ కాగితాన్ని కస్టర్డ్‌కు తగిలేలా కప్పండి. లేదా చల్లారేదాకా మధ్యమధ్య కలుపుతుండండి. గోరువెచ్చగా, ఇంకా జారుగా ఉన్నప్పుడే పండ్ల మీద పొయ్యాలి. పూర్తిగా బిగిశాక గరిటెతో తిప్పి పోస్తే, ఒకసారి విరిగిన ఆ బిగువు మళ్లీ మునుపటిలా కట్టదు, నీరు వదులుతుంది.

పై పొర గురించి షాపువాడు చెప్పని ఒక అంకె తెలిస్తే చాలు. క్రీమ్ గిలక్కొడితే పొంగి నిలవాలంటే అందులో కనీసం 30 శాతం కొవ్వు ఉండాలి. చిన్న ప్యాకెట్లలో అమ్మే మామూలు ఫ్రెష్ క్రీమ్‌లో ఎక్కువగా ఉండేది 25 శాతం. దాన్ని గంటసేపు కొట్టినా పొంగదు, తప్పు మీ చేతిది కాదు. విప్పింగ్ క్రీమ్ అని రాసి ఉన్నది కొని, అట్టమీద అంకె చూడండి. కొన్ని పాలతో కాక నూనెకొవ్వుతో చేసినవి ఉంటాయి. అవి తేలిగ్గా పొంగుతాయి గానీ నోట్లో పాల కమ్మదనం ఉండదు. క్రీమ్‌నీ గిన్నెనీ గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచి, ఎండాకాలమైతే గిన్నెను మంచుముక్కల మీద పెట్టి కొట్టండి. చల్లగా ఉన్నప్పుడే కొవ్వు గట్టిపడి గాలి బుడగల చుట్టూ గోడ కడుతుంది. కవ్వం ఎత్తితే కొన మెత్తగా వంగి నిలిచిన క్షణంలో ఆపాలి, దాటితే వెన్న తేలుతుంది. ఇదంతా తలనొప్పి అనిపిస్తే దీన్ని వదిలెయ్యడంలో నష్టమేమీ లేదు. అరకిలో గట్టి పెరుగును పలచటి గుడ్డలో కట్టి ఫ్రిజ్‌లో నాలుగైదు గంటలు వేలాడదీస్తే నీరు దిగిపోయి ముద్ద మిగులుతుంది. అందులో మూడు చెంచాల పంచదార పొడి, రెండు యాలకులు దంచి కలిపితే క్రీమ్ కన్నా తేలిగ్గా, చిరుపులుపుతో ఉంటుంది. నా మటుకు నాకు మామిడిపండు మీద ఇదే ఎక్కువ ఇష్టం.

"ఇంత చేసినా ఇది మన వంట కాదుగా" అన్నది మరో అభ్యంతరం. హైదరాబాదు విందుల్లో వడ్డించే ఖుబానీ కా మీఠాను చూడండి. ఎండు ఆప్రికాట్లను రాత్రంతా నానబెట్టి, గింజలు తీసి, పంచదారతో గుజ్జయ్యేదాకా ఉడికించి, మీద మీగడో కస్టర్డో వేసి ఇస్తారు. గింజల్ని పగలగొట్టి లోపలి పప్పును పైన అలంకరిస్తారు. తర్వాత దాని అడుగున కేకు చేరి, మధ్యలో కస్టర్డ్, పైన క్రీమ్ వచ్చి ఆప్రికాట్ డిలైట్ అయింది. పేరు ఏదైనా అది పొరపొరకూ ట్రైఫిలే. ఆప్రికాట్ తెలంగాణ నేలలో పండదు. అయినా ఖుబానీ కా మీఠాను హైదరాబాదుది కాదనేవాళ్లు లేరు. డబుల్ కా మీఠాలో బ్రెడ్డు సంగతీ అంతే. ఒక వంట ఒక ఊరిదయ్యేది అక్కడి చేతులు దాన్ని మళ్లీ మళ్లీ చెయ్యడం వల్ల. బంగినపల్లి ముక్కలూ యాలకుల పెరుగూ వేసి మీ ఇంట్లో నాలుగుసార్లు చేశాక ఇది ఎవరి వంటన్న ప్రశ్న మీ పిల్లలకు రాదు. తీపి ఎక్కువన్న మాటకు మాత్రం నేను తలవంచుతాను. కేకులో, పండ్లలో, కస్టర్డ్‌లో, క్రీమ్‌లో నాలుగుచోట్లా పంచదార ఉంటుంది కాబట్టి తెలియకుండానే పెరిగిపోతుంది. కేకు ఎలాగూ తియ్యనిదే, అందుకే కస్టర్డ్‌లో రెండు చెంచాలతో ఆపండి. పెద్ద గిన్నెకు బదులు టీ గ్లాసుల్లో పేర్చితే ఒక్కొక్కరికి ఎంతో ముందే తేలిపోతుంది. షుగరు ఉన్నవాళ్ల గ్లాసులో కేకు మానేసి, పంచదార వెయ్యని పండ్లు, తియ్యగా లేని పెరుగు ముద్ద విడిగా పేర్చవచ్చు. పాకం వంటల్లో ఈ వెసులుబాటు ఉండదు.

పనిని విడగొట్టడం వల్ల కాలం కూడా చేతికొస్తుంది. ఆదివారం మధ్యాహ్నం చుట్టాలు భోజనానికి వస్తున్నారంటే శనివారం సాయంత్రం పండ్లు ఊరబెట్టి, కస్టర్డ్ కాచి, మూడు పొరలూ పేర్చి ఫ్రిజ్‌లో పెట్టెయ్యండి. కనీసం నాలుగు గంటలు ఊరాలి, రాత్రంతా ఊరితే కేకుకు రసం సమంగా పడుతుంది. పైన క్రీమ్, జీడిపప్పు, దానిమ్మ గింజలు ఆదివారం పొద్దున. పప్పులు ముందు రోజే వేస్తే మెత్తబడిపోతాయి. పాలతో చేసింది కాబట్టి ఫ్రిజ్ బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు, మే నెల ఎండల్లో అయితే ఒక గంటే. కరెంటు పోయే ఊళ్లలో ఎండాకాలం దీన్ని పెద్ద గిన్నెలో చెయ్యకండి, చిన్న గ్లాసులు త్వరగా చల్లబడతాయి, ఫ్రిజ్ తలుపు తీసిన ప్రతిసారీ అన్నీ బయటికి తియ్యక్కర్లేదు. రెండు రోజుల్లో తినెయ్యాలి.

పొరపాట్ల మాటకు వస్తే, కస్టర్డ్ పలచగా వస్తే ఒక చెంచా పౌడర్‌ను చల్లటి పాలలో కలిపి పోసి మళ్లీ మరగనివ్వండి. ఉండలు కడితే జల్లెడలో వడకట్టండి. క్రీమ్ విరిగి వెన్న తేలితే ఆ వెన్న రేపు రొట్టెకు పనికొస్తుంది, పైన పెరుగు ముద్ద వేసుకోండి. పొరలు వంకరగా పడితే పట్టించుకోకండి, స్టీలు గిన్నెలో చేస్తే అసలు కనపడవు, రుచిలో వీసమంత తేడా ఉండదు. వడ్డించేటప్పుడు మాత్రం ఒక్కటి చూసుకోండి. గరిటెను పక్కకు వంచి పైపైన తీస్తే మొదటివాళ్లకు క్రీమంతా వెళ్లి చివరివాళ్లకు తడి కేకు మిగులుతుంది. గరిటెను నిలువుగా అడుగుదాకా దించి, గిన్నె అంచుకు ఆనించి మెల్లగా పైకి లేపితే నాలుగు పొరలూ ఒక్క దెబ్బకు తినే కప్పులోకి వస్తాయి.